ఏడున్నర బండిలో ప్రమీలక్క

నాకు తెనాలిలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఇల్లు రేపల్లెలో. పందొమ్మిదేళ్ళుగా పొద్దున ఏడున్నర ప్యాసింజరులో వెళ్ళి సాయంత్రం బండికి తిరిగి వస్తున్నాను. ఆ బండిలోనే మాకొక పుస్తకాల జట్టు ఏర్పడింది. జట్టంటే పెద్దదేం కాదు, నలుగురం. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే శేషగిరిరావు మాస్టారు దాన్ని మొదలుపెట్టారు. నెలకొక పుస్తకం. నాలుగు కాపీలు ఆయనే తెప్పించేవారు. నెలాఖరు శనివారం రేపల్లెలో బండి కదిలిన దగ్గర్నుంచి తెనాలి వచ్చేదాకా ఆ పుస్తకం గురించి మాట్లాడుకోవాలి. అదొక్కటే నియమం.

నాలుగో మనిషి లిఖిత. ఇరవై మూడేళ్ళ పిల్ల, తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసేది. పుస్తకం మొత్తం చదివి వచ్చేది కాని నోరు విప్పేది కాదు. "బాగుందండి" అనేది, అంతే.

మూడో మనిషి ప్రమీలక్క. నేను రాస్తున్నది ఆమె గురించి.

ప్రమీలారాణి ఆమె పూర్తి పేరు. అప్పటికి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, బలమైన చేతులు. తెనాలిలోనే ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో హెడ్ నర్సు. కొట్లాటలు, యాక్సిడెంట్లు, పురుగుమందు కేసులు, ఏదొచ్చినా మొదట ఆమె చేతుల మీదుగానే లోపలికి పోవాలి. భర్త అంద్రెయ రేపల్లెలో స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలు లేరు. పుస్తకాల పేర్లు ఇక్కడ రాయను. రాసినవాళ్ళు నొచ్చుకుంటారు, ఎందుకంటే ప్రమీలక్క వాళ్ళ గురించి మంచిగా మాట్లాడింది తక్కువ.

మొదటి నెల పగలూ ప్రతీకారాల నవల చదివాం. అందులో ఊరి పెద్దను సంతలో పొట్టలో పొడుస్తారు. ఆయన ఒక చేత్తో పేగులు పట్టుకుని, రెండో చెయ్యి కొడుకుల భుజం మీద వేసి రెండు పేజీలు మాట్లాడి చనిపోతాడు. మాస్టారు ఆ రెండు పేజీలూ పైకి చదివారు.

"మాస్టారూ, ఈయన ఎప్పుడైనా పొట్టలో పొడిపించుకున్నవాణ్ణి చూశాడంటారా?" అంది ప్రమీలక్క.

"రచయిత ఊహ అండి అది. అన్నీ చూసే రాయాలంటే కుదురుతుందా?"

"ఊహలో అయినా పేగులు పేగులేగా? చేత్తో పట్టుకుంటే ఆగవండి, జారిపోతాయి. పొడిపించుకున్నవాడు పగ గురించి మాట్లాడడు. నీళ్ళడుగుతాడు. మనం ఇవ్వకూడదు. ఇవ్వలేదని మనల్నే బూతులు తిడతాడు. కాసేపటికి చలేస్తోందంటాడు. అంతేనండి, ఇంకేం ఉండదు."

ఎదురు సీట్లో ఇడ్లీ పొట్లం విప్పుకున్న పెద్దాయన దాన్ని మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకున్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇంకో నెల ఒక డిటెక్టివ్ నవల వచ్చింది. అందులో హీరోను రోకలితో తల మీద కొడతారు. గంట తర్వాత లేచి, తల విదిలించుకుని, దొంగల్ని పట్టేస్తాడు. ఆ రోజు బండి పల్లెకోన స్టేషన్ దాటుతుంటే ప్రమీలక్క పుస్తకం మూసేసింది. తర్వాత తన అన్నయ్య సంగతి చెప్పింది.

వాళ్ళ ఊరు అడవులదీవి. రొయ్యల చెరువు నీళ్ళ దగ్గర తగాదా వచ్చి, వాళ్ళ అన్న రాజారత్నాన్ని పక్క చెరువువాడు తెడ్డుతో కొట్టాడు. ఒకే దెబ్బ, చెవి పైన. రక్తం కూడా పెద్దగా రాలేదు. అతను నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. చేపల కూరతో అన్నం తిన్నాడు, చెల్లెలి జడ లాగి ఏడిపించాడు, తల నొప్పిగా ఉందని పడుకున్నాడు. తెల్లారేసరికి గురక పెడుతున్నాడు.

"నాకప్పుడు పదహారేళ్ళు. ఆ గురక విని నవ్వానండి, దున్నపోతులా పడుకున్నాడని. అమ్మ వచ్చి కుదిపితే లేవలేదు. రెప్ప తీసి చూస్తే ఒక కంటిపాప ఇంత పెద్దదయి ఉంది. రేపల్లె తీసుకొచ్చేలోపు దారిలోనే పోయాడు. లోపల రక్తం గడ్డకడుతుందని, దానికి టైముంటుందని ట్రైనింగులో చదివాకే తెలిసింది నాకు. ఆ టైమంతా మేం నిద్రపోయాం."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తర్వాత మా బాబాయిలిద్దరూ వెళ్ళి, కొట్టినవాణ్ణి చెరువు గట్టు మీద పడేసి కుడి చెయ్యి మణికట్టు దగ్గర నరికారు. ఇద్దరూ జైలుకెళ్ళారు. ఆ కబురు ఇంటికొచ్చినప్పుడు నాకు సంతోషమేసింది మాస్టారూ. ఒళ్ళంతా తేలికయిపోయింది. ఆ సంతోషాన్ని ఎవరూ సరిగ్గా రాయట్లేదు. న్యాయం అని రాస్తారు, లేకపోతే పాపం అని రాస్తారు. అది రెండూ కాదు. ఎండలో తిరిగొచ్చి చల్లని నీళ్ళు తాగినట్టుంటుంది. తర్వాత దానికి భయపడాలి."

ఆమెకు నచ్చిన పుస్తకం ఒకటుంది. రోజూ తన్నే మొగుణ్ణి ఒకామె రుబ్బురోలు పొత్రంతో మోదుతుంది. చంపాక ఆమె స్టవ్ వెలిగించాలని చూస్తుంది, చేతులు వణికి అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోతాయి. "ఈమెకు తెలుసు" అంది ప్రమీలక్క ఆ పేజీ మీద వేలు పెట్టి. ఆ మాటకు మించిన మెప్పు ఆమె నోటి నుంచి మేం వినలేదు.

ఆ తర్వాత వచ్చింది ప్రేమ నవల. హీరో ఒకమ్మాయి వెంట కాలేజీకి, గుడికి, చివరికి ఆమె పెళ్ళిచూపులకు కూడా వెళతాడు. పదకొండు అధ్యాయాలు ఆమె వద్దంటూనే ఉంటుంది. అతను మణికట్టు కోసుకుని నెత్తురుతో ఉత్తరం రాస్తాడు. పన్నెండో అధ్యాయంలో ఆమె కరిగిపోతుంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. మాస్టారికి అందులోని భాష నచ్చింది.

"దీన్ని కాల్చెయ్యాలి" అంది ప్రమీలక్క.

"అంత మాటెందుకక్కా, కథేగా?" అన్నాను.

"కథే తమ్ముడూ. దీని పదమూడో అధ్యాయం స్ట్రెచర్ మీద మా దగ్గరికొస్తుంది. పోయినేడాది ఒక పిల్లొచ్చింది. వెంటపడ్డవాడు కత్తితో ముఖం మీద కొట్టబోతే చేతులు అడ్డం పెట్టుకుంది. అందరూ పెడతారు. అరచేతులు చీరుకుపోయి లోపలి నరాలు తెల్లగా దారాల్లా కనపడతాయి. ఆ పిల్లకు రెండు వేళ్ళు తోలుకు వేలాడుతున్నాయి. మా డాక్టరు కుడుతుంటే 'వాడు నాకోసం చెయ్యి కోసుకున్నాడండి ఒకసారి' అంటోంది నాతో. అప్పుడు వాడి మీద జాలిపడిందంట."

మేం ముగ్గురం వాదించుకుంటూ ఉండిపోయాం. చినరావూరు దాటాక, ఎప్పుడూ మాట్లాడని లిఖిత మాట్లాడింది.

"ఆంటీ, వాడు ముందు బెదిరించాడా ఆ అమ్మాయిని?"

"ముందు అందరూ ఏడుస్తారమ్మా. బెదిరించేది తర్వాత" అని చెప్పి ప్రమీలక్క మళ్ళీ మాస్టారి వైపు తిరిగింది. తెనాలి వచ్చింది. అందరం సంచులు తీసుకుని దిగిపోయాం.

అది జరిగిన రెండో నెల, ఆగస్టు ఆఖరి శనివారం. వాన పడి వెలిసింది. ఆ నెల పుస్తకం ఒక వంటమనిషి తన జీవితం గురించి రాసుకున్నది. ముప్పయ్యేళ్ళు పెళ్ళిళ్ళకు వండినవాడి చేతుల మీద ఒక్క కాలిన మచ్చ కూడా లేకుండా పుస్తకం ఎలా అయిపోయిందని ప్రమీలక్క అడుగుతోంది. భట్టిప్రోలులో ఒక కుర్రాడు ఎక్కాడు. ఇరవై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చేతిలో గుడ్డ సంచీ. నా పక్కన ఖాళీ తక్కువగా ఉంటే నేనే జరిగి చోటిచ్చాను. ఎదురుగా కిటికీ దగ్గర లిఖిత, ఆమె పక్కన ప్రమీలక్క. అతను రెండు స్టేషన్ల దూరం మా మాటలు వింటూ కూర్చున్నాడు. లిఖిత ముఖం పాలిపోయి ఉండటం నేను చూశాను. కడుపులో తిప్పుతోందేమో అనుకున్నాను.

వేమూరు దాటాక అతను మెల్లగా అన్నాడు. "ఇప్పుడైనా మాట్లాడతావా, లేదా?"

"ఇక్కడొద్దు సందీప్" అంది లిఖిత.

అతను సంచీలో చెయ్యి పెట్టాడు. బయటికి తీసింది వంటింట్లో వాడే కత్తి. కొత్తది. ధర కాగితం ఇంకా దాని మీద అంటుకునే ఉంది. ఆ కాగితం చదవగలిగేంత దగ్గరగా నేనున్నాను.

మొదటి పోటు మెడ పక్కన దిగింది. అతను లాగగానే రక్తం కిటికీ ఊచల మీదికి చిమ్మింది. లిఖిత చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రెండో దెబ్బ అరచేతిలో, మూడోది మోచేతి మీద, తర్వాత పొట్టలో. ఆమె అరవలేదు. "అమ్మా" అని చిన్నగా అంటోంది, కాలికి ఏదో తగిలినట్టు. పెట్టెలో వంద మంది ఉంటారు. అందరూ వెనక్కి జరిగారు. మాస్టారు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడిపోయారు. నేను కూర్చునే ఉన్నాను. నా మోకాలు అతని తొడకు తగులుతోంది. చెయ్యి చాస్తే చొక్కా అందుతుంది. నేను చాచలేదు. కాళ్ళూ చేతులూ నావి కానట్టు కూర్చున్నాను. అది పావు నిమిషమో అర నిమిషమో. జీవితంలో ఆ అర నిమిషం గురించే నేను ఎక్కువ ఆలోచించాను.

లేచింది ప్రమీలక్క. ఒళ్ళో పెట్టుకున్న స్టీలు క్యారేజీ, మూడు గిన్నెలది, పిడి పట్టుకుని తిప్పి అతని ముఖం మీద కొట్టింది. ముక్కు విరిగిన చప్పుడు వినపడింది. అతను కత్తి ఆమె వైపు తిప్పాడు. మోచేతి కింది నుంచి మణికట్టు దాకా చర్మం తెరుచుకుంది. ఆమె చెయ్యి మార్చుకుంది. ఎడమ చేత్తో కొట్టింది. రెండో దెబ్బకు కత్తి జారిపోయింది. మూడో దెబ్బకు అతను సీట్ల మధ్య పడ్డాడు.

ఆమె ఆపలేదు. వంగి కొడుతూనే ఉంది. క్యారేజీ మూత ఊడి పప్పూ అన్నం అతని జుట్టు మీదా చొక్కా మీదా పడ్డాయి. చెవి పైన, నుదుటి మీద, మళ్ళీ చెవి పైన. ఆమె ముఖంలో కోపం కూడా కనపడలేదు నాకు. పని చేస్తున్న మనిషి ముఖంలా ఉంది. మాస్టారు వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని "చాలమ్మా, చాలు, ఆ పిల్లను చూడు" అని అరిస్తే అప్పుడు ఆగింది.

అతను పడిపోయాక పెట్టెలో అందరికీ ధైర్యం వచ్చింది. వెనక్కి జరిగినవాళ్ళే ముందుకొచ్చి తన్నడం మొదలుపెట్టారు. నేనూ ఒక తన్ను తన్నాను. ఎక్కడ తగిలిందో చూడలేదు. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను కాని రాయకపోతే ఆమె గురించి రాసినదంతా అబద్ధమవుతుంది.

ప్రమీలక్క అప్పటికే లిఖితను కింద పడుకోబెట్టి మెడ గాయంలోకి రెండు వేళ్ళు పెట్టి నొక్కి పట్టుకుంది. ఆమె చేతి రక్తం, ఆ పిల్ల రక్తం కలిసి కారుతున్నాయి. ఎవరో చైను మీద చెయ్యి వేశారు.

"చైన్ లాగితే చంపేస్తా! పొలాల్లో ఆపి ఏం చేస్తార్రా? తెనాలి పోనివ్వండి. ఖలీల్ తమ్ముడూ, ఏంటి చూస్తున్నావ్? నీ తువ్వాలు ఇయ్యి. పొట్ట మీద పెట్టి నొక్కు. గట్టిగా. నొప్పెడుతుందని వదలొద్దు. మాస్టారూ, నూట ఎనిమిదికి ఫోన్ చేసి ప్లాట్‌ఫాం మీదికే రమ్మనండి."

నేను నొక్కాను. నా అరచేతి కింద లిఖిత పొట్ట వేడిగా, జిగురుగా కదిలింది. ఆమె నన్ను చూసి నీళ్ళడిగింది. నేను తల తిప్పుకున్నాను. జంపనిలో, చినరావూరులో బండి ఆగిన ఒక్కో నిమిషం ఒక్కో గంటలా గడిచింది. ఆ దారంతా ప్రమీలక్క ఆ పిల్లతో మాట్లాడుతూనే ఉంది. "కళ్ళు మూయకు తల్లీ. నన్ను చూడు. వంటాయన రాసిన పుస్తకంలో ఎన్ని పెళ్ళిళ్ళున్నాయో చెప్పు. చెప్పు. నువ్వు మొత్తం చదువుతావు, నాకు తెలుసు."

సందీప్‌తో సహా ముగ్గురినీ ప్రమీలక్క పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. లిఖితను నేరుగా ఆపరేషన్ థియేటర్లోకి తోసుకుపోయారు. ప్రమీలక్కను క్యాజువాలిటీలో బల్ల మీద కూర్చోబెట్టి డాక్టర్ ప్రశాంతి చెయ్యి కుడుతోంది. నేను పక్కన సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా బెంచీ మీద కానిస్టేబుల్ పక్కన సందీప్ కూర్చున్నాడు. ముక్కుకు దూది, జుట్టులో ఎండిన పప్పు. మాట్లాడుతున్నాడు. "నాకేం కాలేదండి. మా అమ్మకు ఫోన్ చేస్తారా?" అని కానిస్టేబుల్ని అడిగాడు. కాసేపటికి "మా అమ్మకు ఫోన్ చేస్తారా?" అని మళ్ళీ అడిగాడు, మొదటిసారి అడుగుతున్నట్టు. తర్వాత ఆవలించాడు. గోడకు తల ఆనించాడు.

ప్రమీలక్క అతన్నే చూస్తోంది. సూది దిగుతున్నా ఆమె చెయ్యి కదలలేదు. ఆమె పెదాలు బిగుసుకుని ఉన్నాయి. నొప్పి అనుకున్నాను. డాక్టరమ్మ పదిహేడు కుట్లు వేసింది. కట్టు కట్టింది. ఆ తర్వాత అతని వైపు తిరిగి, ముక్కు చూసి, కానిస్టేబుల్ ఇచ్చిన కాగితం అందుకుంది, స్టేషన్‌కు తీసుకెళ్ళవచ్చో లేదో రాయడానికి.

"డాక్టరమ్మా" అంది ప్రమీలక్క.

"చెప్పండి సిస్టర్."

"వాడి తల స్కాన్ తీయించండి. కుడి కన్ను చూడండి ముందు. నేను పన్నెండు దెబ్బలు కొట్టాను. లెక్కపెట్టుకునే కొట్టాను."

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. కాగితం పక్కన పడేసి అరిచింది. పది నిమిషాల్లో అతన్ని అంబులెన్సులో గుంటూరు పంపించారు. దారిలోనే గురక మొదలైందట. ఆ సాయంత్రమే పుర్రె తెరిచి గడ్డ తీశారు. బతికాడు.

లిఖిత కూడా బతికింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. మెడలో గొంతు నరం ఒకటి దెబ్బతిని మాట బొంగురుపోయింది. కుడి చేతి రెండు వేళ్ళు ముడుచుకోవు.

ప్రమీలక్క బండి మానేసింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. మాస్టారు ఫోన్ చేస్తే "పుస్తకాలు నాకొద్దండి" అని పెట్టేసింది. నాలుగు నెలల తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అంద్రెయ తలుపు తీసి, "నువ్వన్నా మాట్లాడు బాబూ. నిద్రలో చేతులు విసురుతోంది. మొన్న నా పెదవి పగిలింది" అన్నాడు.

ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కుడి చెయ్యి సరిగ్గా పైకి లేవడం లేదు.

"నువ్వు వాణ్ణి కాపాడావక్కా. ఆ పిల్లనూ కాపాడావు. ఇంకేంటి నీ బాధ?" అన్నాను.

"నేను కూర్చున్న కాసేపట్లోనే తెలిసింది తమ్ముడూ. వాడు రెండోసారి అడిగినప్పుడే తెలిసింది. మా అన్నయ్య కూడా ఇలాగే బానే ఉన్నాడు కదా. కుట్లు వేస్తున్నంతసేపూ చెప్పలేదు. పది నిమిషాలు, ఇంకా ఎక్కువేనేమో. నోరు మూసుకుంటే చాలు, స్టేషన్లో పడుకుని తెల్లారేసరికి పోతాడు. ఎవరూ నన్నేమీ అనరు. ఆ పది నిమిషాలూ నాకెంత హాయిగా ఉందో చెప్పలేను."

"మరెందుకు చెప్పావు?"

"వాడు ఆవలించాడు. పసిపిల్లాడిలా." ఆమె చిక్కుడు గింజలు పక్కకు నెట్టింది. "ఇంకోటుంది. ఆ పిల్ల నన్నడిగింది, వాడు ముందు బెదిరించాడా అని. ఎందుకడుగుతున్నావమ్మా అని నేను అడగలేదు. నాకు పుస్తకం మీదున్న కోపమే ఎక్కువైపోయింది ఆ రోజు. ఇరవై ఎనిమిదేళ్ళు క్యాజువాలిటీలో చేశాను. కత్తి దిగాక ఏం చెయ్యాలో నాకు తెలుసు. దిగకముందు ఒకటి చెయ్యొచ్చు, అది చెయ్యలేదు."

నేను నా అర నిమిషం గురించి చెప్పాను. తన్నిన తన్ను గురించి కూడా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. టీ పెట్టించింది.

ఏడాది దాటాక తెనాలి కోర్టులో కేసు నడిచింది. సందీప్ గుండు మీద పొడవాటి కుట్ల మచ్చతో నిలబడ్డాడు. నేను సాక్ష్యం చెప్పాను. మాస్టారు చెప్పారు. లిఖిత చెప్పింది. ఆమె గొంతు వినపడక జడ్జిగారు రెండుసార్లు ముందుకు వంగాల్సి వచ్చింది. ఆఖర్న ప్రమీలక్క. అతని తరఫు లాయరు తెలివైనవాడు.

"ఎన్నిసార్లు కొట్టారమ్మా నా క్లయింటుని?"

"పన్నెండు."

"కత్తి ఎన్నో దెబ్బకు జారిపోయింది?"

"రెండో దెబ్బకండి."

"అంటే ఆ అమ్మాయిని కాపాడటానికి రెండు దెబ్బలు చాలు."

"మూడండి. మూడో దెబ్బకు పడ్డాడు."

"మిగతా తొమ్మిది ఎందుకు?"

మా వైపు లాయరు లేచి అభ్యంతరం చెప్పబోయాడు. ఆమె ఆగలేదు.

"చంపుదామనండి" అంది.

జడ్జిగారు కలం ఆపి ఆమె వైపు చూశారు. "తర్వాత బతికించమని చెప్పిందీ మీరేనా?" అని అడిగారు.

"నేనేనండి."

ఆయన చాలాసేపు రాసుకున్నారు. ఆమె మీద ఏ కేసూ పెట్టలేదు. సందీప్‌కు పదేళ్ళ శిక్ష పడింది. అతని తల్లి కోర్టు మెట్ల మీద ప్రమీలక్క ఎదురుపడి, కొడుకు ప్రాణం నిలబెట్టినందుకు దండం పెట్టింది. ఆ వెంటనే, వాడి తల పగలగొట్టినందుకు ముఖం మీద ఉమ్మేసింది. ప్రమీలక్క కొంగుతో తుడుచుకుంది.

లిఖిత రేపల్లె వదిలి బాపట్లలో పిన్ని దగ్గర ఉంటోంది. అక్కడే ఒక మందుల షాపులో కంప్యూటరు చూసుకుంటుంది. కేసు తేలాక మాస్టారు మళ్ళీ పుస్తకాలు తెప్పించారు. అప్పటికి మళ్ళీ డ్యూటీలో చేరిన ప్రమీలక్క, ఈసారి తను కూడా వస్తానంది. లిఖిత బండి ఎక్కదు కాబట్టి మేమే ఒక ఆదివారం తెనాలిలో బండి మారి బాపట్ల వెళ్ళాం. నలుగురం వాళ్ళ పిన్ని డాబా మీద కూర్చున్నాం. మెడ చుట్టూ సన్నని నీలం చున్నీ చుట్టుకుని ఉంది ఆ పిల్ల.

ఆ నెల నవలలో తన ముఖాన్ని యాసిడ్‌తో కాల్చినవాణ్ణి చూడటానికి ఒకామె జైలుకు వెళుతుంది. ఊచల అవతల వాడు ఏడుస్తాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంటుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

"ఆ ఆఖరు పేజీ రెండుసార్లు చదివాను" అంది ప్రమీలక్క. ఆమె అలా ఒక పుస్తకాన్ని మెచ్చుకుని చాలా కాలమైంది. "వెళ్ళి చూడటమే గొప్ప. బతికున్న మనిషి కళ్ళలోకి చూడాలి."

"నాకు నచ్చలేదు ఆంటీ" అంది లిఖిత.

మేం ముగ్గురం ఆమె వైపు తిరిగాం.

"ఆమె ఎందుకు వెళ్ళాలి? వాడు ఏడిస్తే ఆమెకేంటి? రాసినవాళ్ళకు ఆ చెయ్యి పట్టించాలని ఉంది, అందుకే పట్టించారు." బొంగురు గొంతు ఆగి ఆగి వస్తోంది. "వాడు బతికున్నాడని మీకు నిద్ర పడుతోంది ఆంటీ. వాడు బతికున్నాడనే నాకు పట్టట్లేదు. పదేళ్ళు అయిపోతాయి కదా."

ప్రమీలక్క ముఖం తెల్లబోయింది. "నేనా రోజు చెప్పకుండా ఉండాల్సిందంటావా అమ్మా?"

"తెలీదు. నన్నడక్కండి అది." లిఖిత తల దించుకుంది, మళ్ళీ ఎత్తింది. "మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. పుస్తకం బాలేదంటున్నాను."

ప్రమీలక్క ఆ ఆఖరు పేజీ మళ్ళీ తెరిచి చూసింది. తర్వాత "అది నువ్వు చెప్పాల్సిన మాటే" అంది. పిన్ని పెసరట్లు తెచ్చింది. లిఖిత ఎడమ చేత్తో తింది.

"వచ్చే నెల పుస్తకం నేను చెప్తాను" అంది మేం లేచేటప్పుడు.

చెప్పింది కూడా. చనిపోయిన చెల్లెలి కోసం ఒకామె చివరి పేజీ దాకా ఎవరినీ క్షమించకుండా ఉండే నవల అది. ప్రమీలక్కకు అస్సలు నచ్చలేదు. శనివారం పొద్దున ఏడున్నర బండిలో, వేమూరు దగ్గర లిఖితకు ఫోన్ కలిపి వాదన మొదలుపెట్టింది. తెనాలిలో దిగాక కూడా ఆపలేదు. ప్లాట్‌ఫాం ఖాళీ అయిపోయినా, కుట్ల మచ్చల చేతిని సగం దాకా ఎత్తి ఊపుతూ, స్తంభం పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉంది. ఆ రోజు ఆమె డ్యూటీకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది.